బడిలో బిడ్డ గుడ్లప్పగిస్తే పరాకేనా? - విశ్రాంతి ఎరుగని మెదడు కథ

కాడి దించితే ఎద్దుకు విశ్రాంతి. పార కింద పెడితే మనిషికి విశ్రాంతి. మెదడుకు మాత్రం ఆ భాగ్యం లేదు. ఒంటి బరువులో నూటికి 2 వంతులే ఉండే ఈ అవయవం, మనం అరుగు మీద ఊరక కూర్చున్నా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో నూటికి 20 వంతులు తానే వాడుకుంటుంది.

ఊరకున్న మెదడులోనూ అలజడి ఉంటుందని చూపినవారు జర్మనీలోని యేనా పట్టణపు వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో ఆయన మనిషి తలకు తీగలు తగిలించి, మెదడులో పుట్టే విద్యుత్తును గీతలుగా నమోదు చేశారు. 1929లో ఆ ఫలితాలను ప్రకటించారు. కళ్లు మూసుకుని నిమ్మళంగా కూర్చుంటే సెకనుకు సుమారు 10 అలలు లేస్తాయి. కళ్లు తెరిస్తే అణగిపోతాయి. ఇప్పుడు ఆసుపత్రుల్లో తీసే ఇ.ఇ.జి. పరీక్షకు మూలం ఇదే.

తూము దగ్గర లస్కరు

ఈ అలల లయలో మెదడు నడిమధ్యన ఉండే థాలమస్‌కు ముఖ్యమైన పాత్ర ఉంది. ఇది చిన్న గుడ్డు ఆకారంలో కుడి ఎడమలకు ఒక్కొక్కటి ఉంటుంది. చూపు, వినికిడి, స్పర్శ, రుచి అన్నీ దీని గుండానే మెదడు పైపొరకు చేరతాయి. వాసన ఒక్కటే వేరే దారిన పోగలదు. కాలువ తూము దగ్గర లస్కరు వంటిది థాలమస్. మెలకువలో తలుపు ఎత్తుతుంది, నిద్రలో దించుతుంది. బయటి కబురు ఏదీ రానప్పుడు కూడా థాలమస్, పైపొర ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటూనే ఉంటాయి. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే లయ నిలుస్తుంది.

లయ తప్పితే...

కొందరు పిల్లల్లో, సాధారణంగా 4 నుంచి 10 ఏళ్ల మధ్య, ఈ లయ ఉన్నట్టుండి తప్పుతుంది. ఆ క్షణాల్లో సెకనుకు 3 చొప్పున పెద్ద అలలు లేస్తాయని 1935లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు కనుగొన్నారు. 1940వ దశకంలో కెనడాలోని మాంట్రియల్ శాస్త్రజ్ఞులు పిల్లుల థాలమస్‌ను అదే వేగంతో విద్యుత్తుతో తట్టగా అటువంటి అలలే కనిపించాయి.

బిడ్డ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతాడు. గుడ్లప్పగించి చూస్తాడు. రెప్పలు అదరవచ్చు. పది సెకన్లు కాగానే ఏమీ జరగనట్టే పనిలో పడతాడు. రోజుకు పదుల సార్లు ఇలా జరగవచ్చు. కింద పడడు, నురగ కక్కడు. అందుకే ఇది కూడా మూర్ఛేనని ఎవరికీ తోచదు. బడిలో పరాకు అని కసురుకుంటారు. ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కడతారు. మధ్యలో పాఠం జారిపోతుంది, చదువు వెనకబడుతుంది.

తల్లిదండ్రులు చేయవలసింది

పరాకుగా ఉన్న బిడ్డ భుజం తడితే ఉలిక్కిపడి పలుకుతాడు. ఈ మూర్ఛలో ఉన్న బిడ్డ తట్టినా పలకడు. అలా పలకకపోతే రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు వస్తున్నదో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పాలి. ఇ.ఇ.జి.తో జబ్బు బయటపడుతుంది. ఎథోసుక్సిమైడ్ వంటి మందులతో చాలామందికి అదుపులోకి వస్తుంది. ఎదిగేకొద్దీ ఎక్కువమందికి పూర్తిగా పోతుంది కూడా. డాక్టరు చెప్పనిదే మందు మానరాదు. అదుపులోకి వచ్చేదాకా బిడ్డను బావి గట్టుకు, చెరువుకు, పొయ్యి దగ్గరకు ఒంటరిగా పంపరాదు.