లెక్క ఉంటేనే చెట్టుకు రక్ష
భీమిలిలో వృక్ష గణన ఎందుకు? ఎలా?

భీమునిపట్నం: ఇంటికి పన్ను నంబరు ఉంటుంది. కరెంటు స్తంభానికీ నంబరు ఉంటుంది. ఆ వీధికి తరాలుగా నీడనిచ్చిన చెట్టుకు మాత్రం చాలా పట్టణాల్లో ఏ దస్త్రంలోనూ చోటుండదు. అందుకే రహదారి విస్తరణలోనో, ఇంటి నిర్మాణంలోనో అది కూలిపోతే అడిగే నాథుడుండడు.

1861లోనే పురపాలక సంఘంగా ఏర్పడి, ఇప్పుడు విశాఖ మహానగరంలో భాగమైన భీమిలిలో డచ్చివారి సమాధులకు చరిత్రలో స్థానం దక్కింది. వృక్షాలకూ అటువంటి గుర్తింపు అవసరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు అసంఖ్యాకంగా చెట్లు నేలకొరిగాయి. అంతకుముందు ఏ వీధిలో ఏవి ఉన్నాయో తెలిస్తేనే ఏవి పోయాయో, ఏవి తట్టుకున్నాయో తేలుతుంది.

కొలిచే విధానం

పట్టణాన్ని వీధులవారీగా విభజించి ప్రతి చెట్టుకూ సంఖ్య ఇవ్వాలి. జాతి, స్థలం, ఆరోగ్య స్థితి రాసుకోవాలి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున మానుకు టేపు చుట్టి చుట్టుకొలత తీసుకోవాలి. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. చుట్టుకొలత 220 సెంటీమీటర్లుంటే వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు. నేల వాలుగా ఉంటే ఎగువ వైపు నుంచి కొలవాలి. తాటి చెట్టు మాను వేప, చింతల మాదిరిగా ఏటేటా లావెక్కదు. కనుక దాని ఎత్తును నమోదు చేయాలి.

తొర్రలు, పుట్టగొడుగులు, మొదట్లో కుళ్లు కనిపిస్తే విడిగా గుర్తించాలి. గాలివానకు ముందు కొమ్మలు తగ్గించవలసినవి ఇవే. మొదలు చుట్టూ సిమెంటు పోస్తే నీరు, గాలి అందక వేళ్లు దెబ్బతింటాయి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని 2013లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది.

తీరానికి తగినవి

ఉప్పు గాలిని, ఇసుక నేలను ఓర్చుకునే పొన్న, కానుగ, తాటి వంటివి తీరప్రాంతానికి అనువైనవి. త్వరగా ఎదిగినా పెళుసు కొమ్మలుండే తురాయి వంటి వాటిని ఇళ్లకు, తీగలకు చేరువలో నాటకపోవడం మేలు.

చట్టాల అండ

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం చెట్టు నరకాలంటే అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. అదే ఏడాది వచ్చిన జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థలు కమిటీలు ఏర్పరచి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు నిర్వహించాలి. గణన వివరాలను అందులో చేరిస్తే అనుమతి కోరిన ప్రతిసారీ ఆధారం చేతిలో ఉంటుంది.

అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. వేసవిలోనే కళాశాల విద్యార్థుల సాయంతో లెక్క పూర్తిచేస్తే, తుపాను వెళ్లిన మర్నాడే జాబితాతో పోల్చుకుని ఖాళీ అయిన చోట తగిన మొక్క నాటవచ్చు.