పిల్లలకోడి పక్కింట్లో పసి గ్రహం

మార్గశిరం వచ్చేసరికి సిక్కోలు తీరంలో ఆకాశం తేటపడుతుంది. వాయుగుండాల కాలం వెనకబడుతుంది. మబ్బులు సముద్రం మీదికి తప్పుకుంటాయి. పొద్దుపోయాక కళింగపట్నం ఇసుకలో నిలబడి తలెత్తితే నడినెత్తికి కాస్త ఉత్తరంగా కృత్తికలు గుంపుగా కనిపిస్తాయి. పల్లెల్లో వాటిని పిల్లలకోడి అంటారు. అక్కణ్నుంచి ఈశాన్యంగా, పసుపుపచ్చగా వెలిగే బ్రహ్మహృదయం వైపు చూపు నడిపించండి. దారిలో నాలుగో వంతు దాటాక, అంటే సుమారు ఎనిమిది డిగ్రీల దూరంలో, చుక్కలు పలచబడిన చోటు ఒకటి తగులుతుంది. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పుకు కొంచెం తక్కువ దూరమది. కంటికి అక్కడ ఏమీ ఆనదు. ఈ ఆదివారం మనం వెళ్లే ఊరు మాత్రం అక్కడే ఉంది.

ఆ ఊళ్లో రెండు తారలున్నాయి. పెద్ద తార చుట్టూ ధూళి వలయం ఉంది. వలయం నడిమి ఖాళీలో గురుగ్రహమంత గ్రహం ఒకటి తిరుగుతోంది. పెద్ద తార వయసు 30 లక్షల ఏళ్ల పైచిలుకు. వినడానికి ఎక్కువే, కానీ సింహాచలం గుడి చెక్కిన ఖొండలైటు రాయి వయసు దాదాపు వంద కోట్ల ఏళ్లు. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో చాలాచోట్ల పలుగు దింపితే తగిలేది ఈ రాళ్లే. సాలూరు ఘాటు రోడ్డు పక్కన పడి ఉన్న బండ కూడా ఆ తార కంటే వందల రెట్లు పాతది. మన భూమి పూర్తిగా కూడుకోవడానికే కోటి నుంచి రెండు కోట్ల ఏళ్లు పట్టిందని అంచనా. అక్కడ మూడు నాలుగు పదుల లక్షల ఏళ్లలోనే ఒక గ్రహం తయారై కూర్చుంది. శాస్త్రవేత్తలు ముక్కున వేలేసుకున్నది అందుకే.

ఈ తారకు పేరంటూ లేదు, చిరునామా ఉంది. అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి 1983లో ఐరాస్ అనే ఉపగ్రహాన్ని పంపాయి. కంటికి కనబడని పరారుణ కాంతిలో, అంటే వేడి ధూళి విడిచే కాంతిలో, అది ఆకాశాన్ని దాదాపు మొత్తంగా జల్లెడ పట్టింది. దొరికిన ప్రతి మెరుపునూ ఆకాశంలో దాని స్థానాన్ని బట్టి అంకెల్లో రాసుకున్నారు. అలా ఇది ‘ఐరాస్ 04125+2902’ అయింది. ఆకాశపు రేఖాంశం నాలుగు గంటల పన్నెండున్నర నిమిషాలు, ఉత్తరంగా 29 డిగ్రీల 2 నిమిషాలు అని దానర్థం. పక్కనే నాలుగు ఆర్క్‌సెకన్ల ఎడంలో చిన్నగా, మసకగా, ఎర్రగా ఉన్న జోడీ తార 2009 నాటికి బయటపడింది. ఇద్దరూ వృషభ రాశిలోని పెద్ద మేఘంలో పుట్టినవారే. కొత్త తారలు పుడుతున్న మేఘాల్లో మనకు బాగా దగ్గరివాటిలో అదొకటి. దగ్గరంటే 520 కాంతి సంవత్సరాలు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో సింహాచలం వచ్చి శాసనం వేయించింది 1516లో. ఇవాళ మన టెలిస్కోపుల్లో పడుతున్న వెలుగు ఇంచుమించు ఆ రోజుల్లో అక్కణ్నుంచి బయలుదేరింది. పిల్లలకోడి మనకు ఇంకాస్త దగ్గరిది. కాబట్టి పక్కిల్లు అన్నది మన చూపు వరకే.

దూరాలను కోట్లలో చెబితే తలకెక్కవు. మన రైలు మార్గం మీద పెట్టి చూద్దాం. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో పెద్ద తారను దింపండి. చిన్న తారను విజయనగరం స్టేషన్‌లో పెట్టండి. మధ్య దూరం సుమారు 70 కిలోమీటర్లు. అసలు లెక్కలో ఆ తారల ఎడం, మనకు కనిపించే మేరకు, తొమ్మిదిన్నర వేల కోట్ల కిలోమీటర్లు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 635 రెట్లు. ఈ కొలతలో పెద్ద తార ప్లాట్‌ఫారం మీద మీటరున్నర ఎత్తు గోళం. సూర్యుడు దానికంటే చిన్నగా మీటరుంటాడు. ఈ తార బరువు సూర్యుడిలో 70 శాతమే అయినా ఒళ్లు ఇంకా పూర్తిగా కుంచించుకోలేదు, అందుకే ఉబ్బి ఉంది. గ్రహం పది సెంటీమీటర్ల బంతి. అది తారకు ఎనిమిది మీటర్ల దూరంలో, అదే ప్లాట్‌ఫారం మీద, తొమ్మిది రోజులకు కాస్త తక్కువలో ఒక చుట్టు తిరుగుతుంది. మన భూమిని ఇక్కడ పెట్టాలంటే 110 మీటర్లు నడిచి సెంటీమీటరు లోపు గుండును ఉంచాలి. నెప్ట్యూన్‌ను మూడు కిలోమీటర్ల అవతల, పొందూరు రాకముందే దింపేయాలి. ధూళి వలయం లోపలి అంచు స్టేషన్ నుంచి రెండు కిలోమీటర్ల పైన మొదలవుతుంది. అంటే ప్లాట్‌ఫారానికీ ఆ అంచుకూ మధ్య చాలా మటుకు ఊడ్చినట్టు ఖాళీ. పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల దాటుకుంటూ పోతే ఆ చివర జోడీ తార.

ఈ వలయంలోనే అసలు తిరకాసు ఉంది. తార పుట్టినప్పుడు చుట్టూ వాయువు, ధూళి పళ్లెంలా పరుచుకుంటాయి. ఆ పళ్లెంలోంచే గ్రహాలు కూడుకుంటాయి. కాబట్టి పళ్లెం ఏ వాలులో ఉంటే గ్రహమూ ఆ వాలులోనే తిరగాలి. మన సౌర కుటుంబం ఇంచుమించు అలాగే ఉంది. ఇక్కడ గ్రహపు కక్ష్యను మనం సరిగ్గా అంచు వైపు నుంచి చూస్తున్నాం. ధూళి వలయాన్ని మాత్రం దాదాపు పైనుంచి చూస్తున్నాం. రెండింటి మధ్య కనీసం 60 డిగ్రీల తేడా. వలయం మరీ ఇంత వాలిపోయింది కాబట్టే, నడిమి భాగం ఖాళీ అయింది కాబట్టే గ్రహం మనకు చిక్కింది. మామూలుగా ఇంత పసితనంలో పళ్లెపు ధూళే గ్రహాన్ని కప్పేస్తుంది. వలయాన్ని వంచిందెవరు? మొదటి అనుమానం జోడీ తార మీదికే పోతుంది. కానీ దాని కదలిక కొలిస్తే, అది కూడా గ్రహం లాగానే అంచు వైపుగా తిరుగుతున్నట్టు తేలింది. పెద్ద తార, గ్రహం, జోడీ తార మూడూ ఒక వరుసలో ఉంటే వలయం ఒక్కటే అడ్డం తిరిగింది. దీనికి అందరూ ఒప్పుకునే జవాబు రాలేదు. నాకైతే గ్రహం కన్నా ఈ వంకర వలయమే ఎక్కువ ముచ్చటగా ఉంది.

గ్రహాన్ని ఎవరూ ఫొటో తీయలేదు. నాసా 2018 ఏప్రిల్‌లో పంపిన టెస్ ఉపగ్రహం నాలుగు కెమెరాలతో ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని, ఒక్కో ముక్కను 27 రోజుల చొప్పున రెప్పవేయకుండా చూస్తుంది. ఏ తార వెలుగైనా లెక్కగా, పదేపదే తగ్గితే దాని ముందు నుంచి ఏదో దాటుతోందన్నమాట. ఈ తార వెలుగు 8.83 రోజులకోసారి అర శాతం కంటే తక్కువగా తగ్గుతోందని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని మాడిసన్ బార్బర్ బృందం పట్టుకుంది. 2024 నవంబరులో ‘నేచర్’ పత్రిక ఆ పరిశోధనను అచ్చువేసింది. తార ముందు అడ్డొచ్చి దొరికిన గ్రహాల్లో అప్పటికి ఇదే అన్నిటికన్నా చిన్న వయసుది. సైజు గురుగ్రహమంతే గానీ బరువు అందులో మూడో వంతు కూడా ఉండదు. ఉబ్బిన వాయువు కాలక్రమంలో కొంత ఎగిరిపోయి, చివరికి భూమికీ నెప్ట్యూన్‌కూ నడుమ సైజులో నిలుస్తుందని ఊహ.

అడ్డు రావాలంటే చూపు, గ్రహం, తార ఒకే గీతలోకి రావాలి. ఇంత దగ్గరి కక్ష్యకు కూడా ఆ అవకాశం పదింట ఒకటికి లోపే. గీత కలిస్తే ఏం జరుగుతుందో సిక్కోలు వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అరసవల్లిలో ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ తొలి కిరణాలు నేరుగా లోపలికొచ్చి సూర్యనారాయణమూర్తి పాదాలను తాకుతాయి. ఏడు నెలల ఎడమున్న ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు ఉదయించేది ఒకే చోట, తూర్పుకు సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణంగా. మిగతా రోజుల్లో గీత తప్పుతుంది. అక్కడ గీత కలిస్తే వెలుగొస్తుంది, ఇక్కడ గీత కలిస్తే వెలుగు తగ్గుతుంది. భక్తికీ శాస్త్రానికీ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. జ్యామితి మాత్రం రెంటికీ ఒకటే.

వెలుగుకు ఏదో అడ్డొచ్చే క్షణం కోసం కాచుకుని కూర్చోవడం ఈ తీరానికి పాత అలవాటు. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు (1817–1856) మద్రాసు నక్షత్రశాలలో టేలర్ దొర దగ్గర ఖగోళం నేర్చుకుని, 1840 ప్రాంతంలో విశాఖలోని తన ఇంటి ఆవరణలోనే సొంత నక్షత్రశాల కట్టించుకున్నారు. ఇప్పటి డాబాగార్డెన్స్ అది. జనానికి సమయం తెలిసేలా డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండాకర్ర కూడా నాటించారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని అందుకున్నారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటినప్పుడు ఆయన విశాఖ నుంచి కొలిచి, లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి రాసి పంపారు. ఆ సొసైటీ ఫెలో కూడా ఆయన. శుక్రుడు సూర్యుణ్ని దాటినా, వృషభంలో ఆ పసి గ్రహం తన తారను దాటినా జరిగేది ఒక్కటే.

జంట తారల చుట్టూ గ్రహం ఉందన్న మాట కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ముందు వినిపించింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి విలియం స్టీఫెన్ జాకబ్ 1855లో సర్పధారి రాశిలోని 70వ నంబరు జంట తారల కదలికలో తేడాలు గమనించి, వాటి మధ్య గ్రహం ఉండే అవకాశం చాలా ఎక్కువని రాశాడు. ఆ జంట మనకు 17 కాంతి సంవత్సరాల లోపు దూరంలోనే ఉంది. గ్రహం మాత్రం లేదని తర్వాత తేలింది. ఊహ ముందే వచ్చింది, దానికి తగ్గ పనిముట్టు రావడానికి నూట యాభై ఏళ్లు పట్టింది. ఆ తర్వాతి కాలంలో తెలుగునేల మీద జంట తారలను ఓపికగా చదివింది ఉస్మానియా విశ్వవిద్యాలయం. రంగారెడ్డి జిల్లా జాపాల–రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టి, ఒకదానికొకటి అడ్డొస్తూ వెలుగు తగ్గించుకునే జంట తారలను కె.డి. అభ్యంకర్, ఎం.బి.కె. శర్మ వంటివారు ఏళ్ల తరబడి కొలిచారు. రాత్రంతా కూర్చుని వెలుగు హెచ్చుతగ్గులను గీతగా గీయడం వాళ్ల పని. టెస్ ఉపగ్రహం చేసేదీ అదే. కాకపోతే దానికి మబ్బుల బెడద లేదు.

చూడాలనుకునేవారికి కొన్ని వివరాలు. ఈ తార శ్రీకాకుళం నడినెత్తికి 11 డిగ్రీలు ఉత్తరంగా దాటుతుంది. నవంబరు చివరి వారంలో అర్ధరాత్రికి, డిసెంబరు చివర్లో రాత్రి పది గంటలకు, జనవరి చివర్లో ఎనిమిదికి అది తలమీద ఉంటుంది. కార్తీక పౌర్ణమికి వద్దు. ఆ రాత్రి చంద్రుడు కృత్తికల దగ్గరే ఉండి అన్నిటినీ మింగేస్తాడు. అమావాస్యకు అటూ ఇటూ వెళ్లండి. కళింగపట్నం, బారువ తీరాలు, విజయనగరం వైపు తాటిపూడి జలాశయం పరిసరాలు ఊరి దీపాలకు దూరంగా ఉంటాయి. కళ్లు చీకటికి అలవాటుపడటానికి ఇరవై నిమిషాలు ఇవ్వండి, ఫోన్ తీయకండి. బైనాక్యులర్‌తో కృత్తికలు బాగుంటాయి. ఈ తార దానికీ అందదు. చోటు గుర్తుపట్టడం వరకే మన వంతు.

తారను చూడలేకపోయినా దాని వెలుగు లెక్క మాత్రం ఎవరైనా చూడొచ్చు. టెస్ కొలిచిన అంకెలన్నీ అమెరికాలోని మాస్ట్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. మామూలు ల్యాప్‌టాప్, పైథాన్, లైట్‌కర్వ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. తార మీది మచ్చల వల్ల వచ్చే హెచ్చుతగ్గులను ముందు తీసేయాలి, అది కాస్త శ్రమ. ఆ తర్వాత 8.83 రోజులకోసారి వచ్చే పల్లం కోసం వెతకాలి. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోనో, విజయనగరం మహారాజా కళాశాలలోనో ఫిజిక్స్ చదివే పిల్లలకు ఇది మంచి ప్రాజెక్టు. మాస్టార్లూ, ఈ శీతాకాలం మీ తరగతికి ఆ పని అప్పజెప్పండి.