పరదేశంలో పథ్యం: మారిషస్ నేర్పిన పాఠం

2019 జనవరిలో, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, మా అబ్బాయి వద్ద మూడు నెలలు గడపడానికి మారిషస్ వెళ్ళాను. నాకు పన్నెండేళ్ళుగా మధుమేహం. మాత్రలతో, పథ్యంతో అది అదుపులోనే ఉండేది. సామర్లకోట నుండి తీసుకువెళ్ళిన సంచిలో మందులతోబాటు కొత్త బియ్యపు అరిసెలు, నువ్వుల ఉండలు కూడా ఉన్నాయి. పండుగ పూట మనవలకు పెట్టి, నేనూ రుచి చూశాను.

ఇక సంతకు వెళ్ళిన రోజున నా ఆనందానికి అవధి లేదు. మునగాకు, చేమాకు, బీర, కాకర, వాటి పక్కనే కర్రపెండలం! సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల వారికి ఈ దుంప ఇంటి చుట్టం వంటిది. సగ్గుబియ్యం తయారయ్యేది దీనినుండే. ఆ దేశంలో దీనిని ‘మాన్యోక్’ అంటారు. మహేబూర్గ్ పట్టణంలో 1870లో స్థాపించిన కార్ఖానాలో దీని పిండితో బిస్కట్లు కూడా చేస్తారు. మనం సీమపనస అనే కాయ కూడా అక్కడ విరివిగా దొరికింది. ఒకరోజు పెండలం కూర, మరొకరోజు సీమపనస వేపుడు, రెండూ అన్నంలోకే.

మూడు వారాలు గడిచేసరికి విపరీతమైన దాహం, అరికాళ్ళలో మంటలు, నిస్సత్తువ. పరగడుపున రక్తంలో చక్కెర 226 ఉన్నది. ఇంటి వద్ద అది ఎన్నడూ 130 దాటలేదు. డాక్టరుగారు మందు మోతాదు సరిచేసి, “ఏమేమి తింటున్నారో వ్రాసి తీసుకురండి” అన్నారు. ఆ కాగితమే నా కళ్ళు తెరిపించింది.

పొరపాటు ఎక్కడ జరిగింది?

బంగాళాదుంపతో పోలిస్తే పచ్చి కర్రపెండలంలో పిండిపదార్థం సుమారు రెండింతలు. సీమపనస కూడా పిండి నిండిన కాయే. వీటిని కూరగా భావించి అన్నంలో కలుపుకొనడమంటే అన్నంలో అన్నం కలుపుకొని తినడమే.

రెండవ పొరపాటు రుతువు విషయంలో. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నది. మనకు పుష్యమాసపు చలి కాలంలో వారికి ఎండలు, వానలు, తుఫానులు. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది గనుక గురువైన పదార్థాలు జీర్ణమవుతాయని ఆయుర్వేదం చెబుతుంది. పంచాంగం చూచి పండుగ చేసుకోవచ్చును. ఆహారాన్ని మాత్రం ఆకాశాన్ని చూచి నిర్ణయించుకోవాలి. పైగా కొత్త ధాన్యాన్ని, బెల్లపు వంటకాలను ప్రమేహానికి కారణాలుగా చరకుడు పేర్కొన్నాడు. అరిసెలో ఆ రెండూ ఉన్నాయి!

పొరుగింటి పెద్దమ్మ

మా పొరుగున ఒక వృద్ధురాలు ఉండేది. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి మన తీరం నుండి ఓడలెక్కి వెళ్ళిన వారి సంతతి. కాకినాడ దాపున ఉన్న కోరంగి రేవు పేరుమీదనే అక్కడి తెలుగువారిని ఒకప్పుడు ‘కొరంగీలు’ అనేవారు. ఆమె మాట్లాడేది క్రియోల్. తెలుగు ముక్కలు కొన్నే వచ్చు. నా అవస్థ విని మునగాకు కట్ట తెచ్చి, “అమ్మా, ఇది తిను. దుంప కొంచెం” అన్నది. అక్కడ ఆకుకూరలను ‘బ్రెద్’ అంటారు. ఆమె నేర్పిన చారు ఇది.

మునగాకు చారు

దూసిన లేత మునగాకు రెండు గుప్పిళ్ళు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, అల్లం చిన్న ముక్క, ఉల్లిపాయ ఒకటి తీసుకోవాలి. చెంచాడు నూనెలో ఉల్లి, నలగగొట్టిన అల్లం వెల్లుల్లి వేయించి, నాలుగు గ్లాసుల నీరు పోయాలి. నీరు మరిగాక ఆకు వేసి, ఐదారు నిమిషాలు ఉడికించి, ఉప్పు కలిపి దించాలి. చింతపండు అవసరం లేదు. నేను అన్నం సగానికి తగ్గించి, ముందుగా ఈ చారు త్రాగి, సీమ వంకాయ గాని కాకర గాని కూరగా తీసుకున్నాను. సాయంత్రం అరగంట నడిచేదానిని. ఏడు వారాలకు పరగడుపు చక్కెర 134కు దిగింది. ఇందులో డాక్టరుగారి మందుల పాత్ర ఉన్నదని మరువరాదు. చారు మందుకు తోడే గాని మందు కాదు.

కొత్త దేశం వెళ్ళేవారికి

● అలవాటైన ఆహారాన్ని ఒక్కసారిగా మార్చరాదు. పావు వంతు చొప్పున మార్చుకోవాలన్నది చరకుని సూత్రం.

● కొత్త పదార్థాన్ని ఒక పూట, ఒక్కటే, కొద్దిగా తిని చూడాలి.

● కర్రపెండలాన్ని పచ్చిగా తినరాదు. అందులో విషాన్ని పుట్టించే పదార్థాలు ఉంటాయి. తొక్క పూర్తిగా తీసి, ముక్కలు నానబెట్టి, మూత లేకుండా బాగా ఉడికించి, ఆ నీటిని పారబోయాలి. చేదుగా ఉన్న దుంపను వాడరాదు.

● మధుమేహం ఉన్నవారు దుంప తిన్న పూట అన్నం మానాలి.

● వెళ్ళిన మొదటి వారంలోనే రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఏప్రిల్‌లో తిరిగి వచ్చేటప్పుడు ఆ పెద్దమ్మ, “మీ ఊళ్ళో మునగ ఉందా?” అని అడిగింది. మా పెరట్లోనే ఉన్నదని చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఇన్నేళ్ళూ కాయలు కోసుకొని, ఆకును మేకలకు వదలివేశాను. ఇప్పుడు మా ఇంట వారానికి మూడు రోజులు ఆ చారే.