ఎక్కడం వేరు, క్లైంబ్ వేరు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి వశిష్ఠ పాయ దాటి, నరసాపురంలో దిగుతారు. ఇంత చిన్న వాక్యంలో కదలిక మూడుసార్లు వచ్చింది: ఎక్కడం, దాటడం, దిగడం. మూడూ ఎటు కదిలారో చెప్పేవే. ఎలా కదిలారన్నది పంటు, అంటే రేవు దాటించే పడవ, అన్న మాటను బట్టి విన్నవాళ్ళే ఊహించుకోవాలి. ఇంగ్లిషులో ఈ పనికి ప్రత్యేకంగా ఒక క్రియే ఉంది, 'ఫెర్రీ' అని. మనుషుల్నో సరుకుల్నో పడవ మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేర్చడం, అదీ ఒకసారి కాదు, అటూ ఇటూ తిరుగుతూ చేర్చడం, అంతా ఆ రెండక్షరాల్లో ఇమిడిపోయింది.

ఇంగ్లిషు నేర్చుకునే పిల్లల చేతికొచ్చే గైడ్లు ఈ సంగతి పట్టించుకోవు. గో అంటే వెళ్ళు, వాక్ అంటే నడుచు, క్లైంబ్ అంటే ఎక్కు అని జతలు జతలుగా అచ్చువేసి ఊరుకుంటాయి. పరీక్ష గట్టెక్కడానికి ఆ జతలు చాలు. ఒక ఇంగ్లిషు కథ తెరిస్తే మాత్రం మొదటి పేజీలోనే చిక్కు వస్తుంది. కథలో మనిషి ఊరికే నడవడు. స్ట్రోల్ చేస్తాడు, అంటే తొందరేమీ లేకుండా షికారుగా వెళ్తాడు. స్ట్రైడ్ చేస్తాడు, అంటే పెద్ద పెద్ద అంగలేస్తాడు. అలసిపోయి, కాళ్ళు బరువెక్కి, ఇంకా దూరముందే అనుకుంటూ నడిస్తే అది ట్రడ్జ్. అన్నింటికీ ఎదురుగా 'నడుచు' అని రాసుకున్న పిల్లాడికి కథ సగమే అందుతుంది.

చిక్కు పదాల లెక్కలో లేదు, వాక్యం కట్టే తీరులోనే ఉంది. అమెరికా భాషావేత్త లెనార్డ్ టాల్మీ 1985లో దీని మీద విస్తారంగా రాశాడు. ఆయన పేరుతో బాగా తెలిసిన ఉదాహరణలో ఒక సీసా నీళ్ళ మీద తేలుతూ గుహలోకి పోతుంది. ఇంగ్లిషు వాక్యంలో అసలు క్రియ 'ఫ్లోట్', తేలడం. లోపలికి వెళ్ళే సంగతిని 'ఇంటూ' అనే చిన్న ముక్క చూసుకుంటుంది. స్పానిష్‌లో ఇది తిరగబడుతుంది. అక్కడ అసలు క్రియ ప్రవేశించడం; తేలడం వాక్యం చివర అతుకు. తెలుగు ఎటు మొగ్గుతుందో ఏ అంబాజీపేట కాలవగట్టునో నిలబడితే తెలుస్తుంది. నీళ్ళలో పడ్డ కొబ్బరికాయ వంతెన కిందుగా సాగిపోతుంటే చూసినవాళ్ళు 'కాయ తేలుకుంటూ వంతెన కిందికి వెళ్ళిపోయింది' అంటారు. అసలు క్రియ వెళ్ళడమే. 'పరిగెత్తుకుంటూ వచ్చాడు', 'ఎగురుకుంటూ పోయింది', 'కుంటుకుంటూ వెళ్ళింది' అన్నీ ఇదే మూస. ముందున్న మాట తీసేసినా తెలుగు వాక్యం నిలబడుతుంది. ఇంగ్లిషులో అలా తీసేస్తే క్రియే పోతుంది. 'ఇంట్లోకి పరిగెత్తాడు' అని తెలుగులో అనకపోరు. కానీ మనసుకి ముందు తట్టేది 'పరిగెత్తుకుంటూ ఇంట్లోకి వెళ్ళాడు' అనే.

మెర్సర్ మేయర్ 1969లో వేసిన 'ఫ్రాగ్, వేర్ ఆర్ యూ?' అనే మాటల్లేని బొమ్మల పుస్తకం ఈ విషయం తేల్చడానికి బాగా అక్కరకొచ్చింది. రూత్ బెర్మన్, డాన్ స్లోబిన్ అనే పరిశోధకులు, వాళ్ళ సహచరులు ఐదు భాషల పిల్లలకీ పెద్దలకీ ఆ బొమ్మలు చూపించి కథ చెప్పించారు. ఫలితాలు 1994లో పుస్తకంగా వచ్చాయి. ఒక బొమ్మలో చెట్టు తొర్రలోంచి గుడ్లగూబ హఠాత్తుగా ప్రత్యక్షమవుతుంది. స్పానిష్, టర్కిష్ వాళ్ళు దాదాపుగా అందరూ అది 'బయటికి వచ్చింది' అని ఊరుకుంటే, ఇంగ్లిషువాళ్ళలో కొందరు 'ఎగిరి బయటపడింది' అనో 'టక్కున పుట్టుకొచ్చింది' అనో అర్థమొచ్చే క్రియలు వాడారు. తెలుగులో ఎవరినడిగినా 'గుడ్లగూబ బయటికొచ్చింది' అనే వస్తుందనడంలో సాహసమేమీ లేదు.

అలాగని తెలుగుకి నడకల రకాలు తెలియవనుకుంటే పొరపాటు. తెలుగు వాటిని వేరే చోట దాచుకుంది. పాము జరజరా పాకుతుంది, కాలవ బిరబిరా పారుతుంది, పిచ్చుక తుర్రుమంటుంది, లేగదూడ చెంగుచెంగున గెంతుతుంది, కోపమొచ్చినవాడు చరచరా నడిచి వెళ్ళిపోతాడు, బుడ్డోడు గునగునా నడుస్తాడు. ఇంగ్లిషు స్లిదర్, డార్ట్, టాడిల్ అని క్రియలోనే ఇరికించిన సమాచారాన్ని తెలుగు ఈ జంట మాటలకి అప్పగించింది. పైగా పసిపిల్లల విషయంలో తెలుగుదే పైచేయి. చేతులూ మోకాళ్ళూ నేలకానించి పోతే దోగాడడం, కూర్చున్నచోటి నుంచే పిర్రల మీద జరుగుతూ పోతే దేకడం. ఇంగ్లిషులో మొదటిదానికి క్రాల్ ఉంది. రెండోదానికి అంత కచ్చితమైన మాట సులువుగా దొరకదు, తరచు రెండు మాటలు జోడించి చెప్పుకుంటారు.

ఇక ఎక్కడం సంగతి. కోనసీమలో కొబ్బరికాయల కోతకు పేరు దింపు. దింపు తీసే మనిషి కాళ్ళకు తాడు బంధం వేసుకుని, చేతులతో మానుని కావలించుకుని, పాదాలు ఎగదన్నుకుంటూ పైకి పోతాడు. గెలలు నరికి అదే పద్ధతిలో కిందికి వస్తాడు. తెలుగులో 'ఎక్కి దిగాడు' అంటారు. పైకి పోతే ఎక్కడం, కిందికి వస్తే దిగడం, మధ్యలో మరో మాటకి చోటు లేదు. ఇంగ్లిషులో అతను రెండు వైపులా 'క్లైంబ్' చేస్తాడు, ముందు క్లైంబ్ అప్, తర్వాత క్లైంబ్ డౌన్. క్లైంబ్‌లో పైకి అన్న అర్థంతోపాటు చేతులూ కాళ్ళూ ఆడించి పట్టు దొరకబుచ్చుకోవడం అన్న అర్థం కూడా ఉంది. ఛార్లెస్ ఫిల్మోర్, ఆ తర్వాత రే జాకెండాఫ్ అనే భాషావేత్తలు దీన్ని సరదా ఉదాహరణలతో తేల్చారు. కోతి చెట్టుని క్లైంబ్ చేసి పైకి పోవచ్చు, కిందికీ రావచ్చు. నత్త పైకి క్లైంబ్ చేస్తుంది కానీ కిందికి చేయదు, దానికి కాళ్ళూ చేతులూ ఎక్కడివి? విమానమూ అంతే. రెండు అర్థాల్లో కనీసం ఒకటైనా మిగిలితేనే ఆ మాట చెల్లుతుంది. కాళ్ళు లేని జీవి కిందికి దిగేటప్పుడు రెండూ పోతాయి.

తెలుగు 'ఎక్కు'కి ఈ పట్టింపేమీ లేదు. చెట్టు, బస్సు, పంటు, నిచ్చెన, సైకిలు, ఆఖరికి గేదె మీదికొచ్చిన రైలు పట్టాలు, అన్నింటికీ అదే. అమలాపురం బస్టాండులో 'ఐ క్లైంబ్డ్ ది బస్' అనే కుర్రాడు చెప్పదలుచుకున్నది బస్సెక్కానని. ఇంగ్లిషువాడికి మాత్రం కిటికీ పట్టుకుని టాపు మీదికి పాకిపోతున్న మనిషి కనిపిస్తాడు. సంక్రాంతి రద్దీలో అదీ అబద్ధం కాకపోవచ్చు. బస్సుకి గెట్ ఆన్, కారుకి గెట్ ఇన్, విమానానికి బోర్డ్. లోపల నిలబడి నడవగలిగే వాహనానికి ఆన్, వంగి కూర్చునేదానికి ఇన్ అని గుర్తుపెట్టుకుంటే చాలావరకూ తప్పు పోదు.

నీటి మాటల్లో ఇంగ్లిషు ఇంకా పట్టుదలగా ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో సాగిన కాలవలు పొలాలకే కాక పడవలకీ దారులయ్యాయి. తెలుగులో 'పడవ నడిపాడు' అంటే సరిపోతుంది. ఇంగ్లిషు ముందు ఎలా నడిపాడో తేల్చుకోమంటుంది. పడవకి బిగించిన తెడ్లు లాగితే రో. తెడ్డు చేత్తో పట్టుకుని నీళ్ళు వెనక్కి తోస్తే పాడిల్. తెరచాప ఎత్తితే సెయిల్. గట్టు మీద నడుస్తూ తాడుతో లాగితే టో. కాలవ అడుక్కి గెడ దిగేసి తోస్తే పంట్. చదునైన అడుగున్న చిన్న పడవకీ ఇంగ్లండులో అదే పేరు. మన రేవుల్లోని పంటుకి పేరులోనూ అడుగు చదునులోనూ చుట్టమే, ఇంజనొచ్చి గెడ మాయమైందంతే.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల వార్తల్లో ఈ తేడాలన్నీ ఒక్కసారిగా కనిపించాయి. వరదొస్తే కనకాయలంక కాజ్‌వే నీట మునుగుతుంది, జనం మోకాలి లోతులో నడుచుకుంటూ వెళ్తారు. ఆ నడకంతటికీ ఇంగ్లిషు పత్రికల మాట ఒక్కటే, వేడ్. అందులో నీరు, లోతు, కాలు ఈడ్చుకోవడం అన్నీ ఉన్నాయి. నీటిలో పోయేదాన్ని తెలుగు 'కొట్టుకుపోయింది' అంటుంది, అది గడ్డివామైనా, అరటి బోదైనా. ఇంగ్లిషులో నెమ్మదిగా, ఎవరి అదుపూ లేకుండా పోతే డ్రిఫ్ట్. బలంగా, ఒక్క ఊపులో ఈడ్చుకుపోతే స్వెప్ట్ అవే. వరద బాధితుడి పశువులు డ్రిఫ్ట్ అయ్యాయని రాస్తే షికారుకి వెళ్ళినట్టుంటుంది.

ఇంగ్లిషు క్రియలన్నింటికీ ఒకేసారి పని దొరికే చోటు మాత్రం కనుమనాటి జగ్గన్నతోట. అంబాజీపేట మండలం మొసలపల్లిలో ఉన్న ఈ కొబ్బరితోటకి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. వెదురుతో కట్టి, రంగు బట్టలు చుట్టి, గంటలు కట్టిన ఎత్తైన ప్రభని మనుషులు భుజాల మీద మోస్తారు. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, పుల్లేటికుర్రు వంటి ఊళ్ళవి గట్ల మీదుగా, వరి చేల మీదుగా వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది దాటాలి. 'అశ్శరభ శరభ' అని అరుస్తూ జనం ప్రభతో సహా నీళ్ళలోకి దిగుతారు.

ఇంగ్లిషులో దీన్ని వర్ణించబోతే మాట మాటకీ ఆగి చూసుకోవాలి. చేల మీద వస్తున్నప్పుడు మార్చ్ అనకూడదు, అది కవాతు అడుగు. బురదలో కాలు దిగబడుతూ బరువుతో సాగేది ప్లాడ్. ప్రభ పైభాగం అటూ ఇటూ ఊగేది స్వే. అది ఉన్నచోటే ఊగడం, ముందుకు పోవడం కాదు. ఒక పక్క మోసేవాళ్ళ కాలు జారి ప్రభ మొత్తం ఒక్కసారి ఒరిగితే లర్చ్. నీళ్ళలో మనుషులది వేడ్, ఒడ్డెక్కగానే జనం ఒక్క ఉదుటున ముందుకు తోసుకురావడం సర్జ్. తెలుగు విలేకరి 'ప్రభని కౌశిక దాటించారు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు, చూసినవాళ్ళకి అదే చాలు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. అలాంటి శకటాన్ని అమెరికాలో ఫ్లోట్ అంటారు. కౌశికలో తడిసిన ప్రభ చక్రాల మీదికెక్కాక తేలిందన్నమాట!

రాకపోకల్లో రెండు భాషలూ కొంతదూరం కలిసే నడుస్తాయి. పిలిస్తే 'వస్తున్నా' అంటారు, ఇంగ్లిషులోనూ కమింగే. తీసుకురా, తీసుకెళ్ళు అన్న తేడా బ్రింగ్, టేక్‌లలోనూ ఉంది. సెలవు తీసుకునేటప్పుడు దారులు విడిపోతాయి. గోదావరి జిల్లాల్లో గడప దాటుతూ 'వెళ్తాను' అని ఒట్టి మాటగా అనరు, 'వెళ్ళొస్తానండి' అంటారు. మళ్ళీ వస్తామన్న మాట లేకుండా ఇల్లు కదలడం అశుభం. దాన్నే 'ఐ విల్ గో అండ్ కమ్' అంటే ఇంగ్లిషువాడు ఏదో పని మీద బయటికెళ్ళి పది నిమిషాల్లో తిరిగొస్తారనుకుని తలుపు తీసే ఉంచుతాడు.

కోనసీమలో ఇంగ్లిషు కదలిక మాటలతో డబ్బూ చట్టమూ ముడిపడేది గల్ఫ్ ప్రయాణాల్లో. తెలుగులో అన్నింటికీ వలసే. గౌతమి అవతల కోరింగకి వచ్చే పక్షులదీ వలసే, రాజోలు నుంచి కువైట్ వెళ్ళే మనిషిదీ వలసే. ఇంగ్లిషులో పక్షులది మైగ్రేట్. మనిషి దేశం విడిచిపోతే ఎమిగ్రేట్, పరాయి దేశంలో అడుగుపెడితే ఇమిగ్రేట్. ఒకే ప్రయాణానికి రెండు చివర్లు. నిఘంటువు ప్రకారం ఎమిగ్రేట్ అంటే వేరే దేశంలో స్థిరపడడానికి వెళ్ళడం. 1983 నాటి భారత ఎమిగ్రేషన్ చట్టంలో స్థిరపడడం ప్రసక్తి లేదు, ఉద్యోగం కోసం దేశం దాటితే చాలు. అందుకే రెండేళ్ళ ఒప్పందం మీద మస్కట్ వెళ్ళే డ్రైవరు కూడా ఆ చట్టం దృష్టిలో ఎమిగ్రెంటే. దిగిన దేశం మాత్రం అతన్ని ఇమిగ్రెంటుగా లెక్కవేయదు, గడువున్న పనివాడిగానే చూస్తుంది.

పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ అని ఉంటుంది, ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అన్నదానికి పొట్టిపేరు. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్ళాలంటే వాళ్ళు ముందుగా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. తీరా విమానాశ్రయానికి వెళ్ళాక, దేశం వదిలి వెళ్ళేవాళ్ళ వరుసకీ ఇమిగ్రేషన్ అనే బోర్డే కనిపిస్తుంది. అక్కడ కూర్చునేది బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్ ఉద్యోగులు. వచ్చేవాళ్ళ పాస్‌పోర్టులూ, పోయేవాళ్ళ పాస్‌పోర్టులూ చూసేది వాళ్ళే.