చేనుకూ కంచానికీ నడుమ

మన గ్రామీణ సాహిత్యంలో దొర ఉన్నాడు, పటేలు ఉన్నాడు, వడ్డీ వ్యాపారి ఉన్నాడు. పంట చేను దాటాక దానికేమవుతుందో చెప్పిన రచనలు మాత్రం నాకు తక్కువగా కనిపిస్తాయి. రైతు కష్టానికి దక్కే ధరా, పేదవాడి కంచంలోకి వచ్చే మెతుకూ చాలావరకు తేలేది ఆ దారిలోనే. మెతుకుసీమలోని టేక్మాల్ ప్రాంతాన్ని ముందుంచుకుని ఈ మాట వివరిస్తాను.

నిజాం కాలంలో వేసిన రెండు రైలు మార్గాలు, తూర్పున మన్మాడ్ లైను, పడమట బీదర్ లైను, టేక్మాల్‌ను నడుమ వదిలేసి పోయాయి. మెదక్ పట్టణానికి సైతం 2022లో గాని రైలు రాలేదు. ఇటువంటి చోట గింజను అంగడికి చేర్చింది ఎడ్లబండి, ఆ తర్వాత లారీ. కిరాయి భరించలేని చిన్న రైతు కల్లంలోనే అమ్ముకుంటాడు. అతనికి నిలవ పెట్టుకునే కొట్టు లేదు, అప్పువాడు ఆగడు. కొనేవాడికి ఈ రెండు సంగతులూ తెలుసు. 1966 నాటి మార్కెట్ల చట్టం యార్డులో తూకానికీ, వేలానికీ నియమాలు పెట్టింది గాని, యార్డుదాకా వెళ్లే శక్తిని రైతుకు ఇవ్వలేకపోయింది.

ఈనాడు ఊళ్లలోనే వడ్ల కొనుగోలు కేంద్రాలున్నాయి, మద్దతు ధర ఉంది. అయినా గోనె సంచులు అందకపోతే కాంటా ఆగుతుంది, లారీ రాకపోతే కాంటా అయిన వడ్లూ కదలవు. ఆలోగా వాన పడితే తేమ పేరు మీదా, తరుగు పేరు మీదా కోత. ప్రకటించిన ధరకూ చేతికందిన ధరకూ మధ్య తేడా అంటే ఇదే.

అయితే రోడ్డు వేస్తే చాలునని నా వాదన కాదు. దారి ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ సంస్థానంలో లెవీ బళ్లు గింజను ఊరినుంచి బయటికే తోలాయి. తెలంగాణ రైతాంగ పోరాటానికి ఆ లెవీ కూడా ఒక కారణం. 1942లో బెంగాల్ తీరంలో బ్రిటిష్ ప్రభుత్వం పడవలను స్వాధీనం చేసుకుని, ధ్వంసం చేసింది; మరుసటేడే అక్కడ మహాక్షామం. ఆ క్షామానికి ఆహారం కొరత కన్న, దాన్ని పొందే శక్తి జనానికి లేకపోవడమే ముఖ్య కారణమని అమర్త్య సేన్ 1981లో వివరించాడు.

దారి తెచ్చిన మేలులోనూ వైరుధ్యం ఉంది. 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం పేదల ఆకలి తీర్చింది. అదే బియ్యం జొన్న పండే మెట్టనేలల్లోకీ వచ్చింది. వరికి ఉన్న కొనుగోలూ, గోదామూ, లారీ జొన్నకు లేవు. ఆ చేలు వెనకబడ్డాయి. టేక్మాల్‌కు నైరుతిన, జహీరాబాద్ ప్రాంతంలో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల నడుమ దీనికొక జవాబు వెతికాయి. బీడు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిలవచేసి, ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు ఇచ్చాయి. చేనుకూ కంచానికీ మధ్య దూరాన్ని తగ్గించడమే వారి పద్ధతి. దేశమంతటికీ అది చాలదు. కరువునాడు దూరపు గింజ రావలసిందే. కాని గింజ ఎటు కదలాలో పండించేవారు నిర్ణయించగలరని ఆ స్త్రీలు చూపారు.

రైతును కేవలం కన్నీటి బొమ్మగా చిత్రించడం ఇక చాలు. కిరాయి, కాంటా, తరుగు, హమాలీ కూలి, గోదాము తాళం: వీటి లెక్క తెలియని రచయిత దోపిడీని తిట్టగలడు గాని చూపలేడు. ఆ లెక్క నేర్చుకోవడం మన వస్తువులో భాగం కావాలి.