ఆదివారం మూడు గంటలు నావి

విజయవాడలో 16 డిగ్రీలకే మఫ్లర్లు బయటికి తీస్తాం. నేనూ అలా పెరిగినదాన్నే. ఇప్పుడు అమెరికాలో బోస్టన్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడ జనవరి తెల్లవారుజామున మైనస్ 12 డిగ్రీలుంటే గుమ్మం దాటగానే ముక్కులోని తడి గడ్డకడుతుంది. కాసేపటికి కనురెప్పల వెంట్రుకలకి మంచు పడుతుంది. అలాంటి చలిలో నేను ఆదివారాలు 20, 25 కిలోమీటర్లు పరుగెడుతున్నాను. నా వయసు 46.

ఎందుకింత అవస్థ అంటారా? బోస్టన్ మారథాన్ ఏటా ఏప్రిల్ మూడో సోమవారం జరుగుతుంది. దూరం 42.195 కిలోమీటర్లు. అందులో పాల్గొనాలంటే మామూలుగా అంతకుముందే ఒక మారథాన్‌ని నిర్ణీత సమయంలో పూర్తిచేసి ఉండాలి. నాకంత వేగం లేదు. విరాళాలు సేకరించేవారికి సేవాసంస్థల ద్వారా కొన్ని చోట్లు ఇస్తారు. అలా నాకు అవకాశం వచ్చింది. ఏప్రిల్‌లో పరుగెత్తాలంటే సాధన జనవరి, ఫిబ్రవరిల్లోనే సాగాలి. ఆ రెండు నెలలూ ఇక్కడ మంచే!

అసలు కారణం ఇంకొకటుంది. మా అమ్మమ్మకి షుగరు, మా అమ్మకీ షుగరే. దానివల్లే అమ్మకి కాలి వేలు తీసేశారు. మూడేళ్ల క్రితం నా రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ, “మీరూ గీత దగ్గరికొచ్చేశారు, నడవడం మొదలుపెట్టండి” అంది. ఆ నడకే పరుగైంది.

ధైర్యం కాదు, ఏర్పాటు

“నీకెంత ధైర్యం!” అంటారు స్నేహితురాళ్లు. చలి ధైర్యానికి లొంగదండీ, ఏర్పాటుకి లొంగుతుంది. పెళ్లివంటకి ముందురోజే కూరలు తరిగి పెట్టుకున్నట్టు నా ఆదివారం పరుగు శనివారం రాత్రే మొదలవుతుంది.

బట్టలు ఉల్లిపాయ పొరల్లా ఉండాలి. ఒంటికి ఆనుకునేది నూలు బట్ట కాకూడదు. నూలు చెమటని పీల్చుకుని తడిగానే ఉంటుంది, ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. అందుకే లోపల పాలియెస్టర్‌దో, సన్నని ఉన్నిదో వేసుకుంటాను. దానిమీద ఇంకొకటి, పైన గాలిని ఆపే పల్చని జాకెట్. బయల్దేరినప్పుడు కొంచెం చలి వేయాలి. అప్పుడే వెచ్చగా ఉందంటే పావుగంటలో చెమటతో తడిసిపోతామన్నమాట.

చేతులకి వేళ్లన్నీ ఒకేచోట ఉండే తొడుగులు మంచివి. వేళ్లు ఒకదానికొకటి వెచ్చదనం ఇచ్చుకుంటాయి. ముక్కుకి, బుగ్గలకి వాజలిన్ రాస్తాను. నీళ్ల సీసా జాకెట్ లోపల పెట్టుకుంటాను, లేకపోతే సగం దారిలో ఐసుముక్కే మిగులుతుంది. చలిలో దాహం తెలీదు కానీ చెమటరూపంలో నీళ్లు పోతూనే ఉంటాయి. నాలుగు ఖర్జూరాలూ లోపలి జేబులోనే. బయటి జేబులో ఉంటే రాళ్లలా బిగుసుకుంటాయి.

ముందు గాలికి ఎదురెళ్లాలి, తిరిగొచ్చేటప్పుడు గాలి వీపున ఉండాలి. ఇది తారుమారైతే చెమట పట్టిన ఒంటికి చలిగాలి ఎదురుగా కొడుతుంది. ఆగకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగానే పరుగెత్తుతాను. ఏ దారిన వెళ్తున్నానో, ఎన్నింటికి వస్తానో ఇంట్లో చెప్పే వెళ్తాను.

వెనక్కి తిరగడమూ తెలియాలి

చర్మం మొద్దుబారినా, తెల్లగా పాలిపోయినా మంచు కొరుకుతోందని గుర్తు. వెంటనే వెచ్చటి చోటికి చేరాలి. ఆ చోట రుద్దకూడదు. వణుకు ఆగకపోయినా, మాట తడబడినా, వేళ్లు మాట వినకపోయినా ఒంట్లో వేడి పడిపోతోందన్నమాట. అది ప్రాణానికే ప్రమాదం. గాలితో కలిపి చలి మైనస్ 28 డిగ్రీలదాకా వెళ్తే ఆచ్ఛాదన లేని చర్మం అరగంటలో దెబ్బతింటుంది. అలాంటి రోజున, రోడ్డుమీద కనిపించని ఐసుపొర ఉన్న రోజున ట్రెడ్‌మిల్లే మేలు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఈ చలిలో పరుగెత్తకూడదు.

కాలివేళ్లకి స్పర్శ తగ్గిందనిపిస్తే నేను రెండోసారి ఆలోచించను, వెనక్కి తిరుగుతాను. వేలు పోవడమంటే ఏమిటో మా అమ్మ దగ్గర చూశాను.

పొదల్లోంచి వచ్చిన అమ్మాయి

ఈ పరుగులోకి ఆడవాళ్లని 1972 దాకా అధికారికంగా రానివ్వలేదంటే నమ్ముతారా? 1966లో బాబీ గిబ్ దరఖాస్తు పెడితే, అంత దూరం ఆడవాళ్లవల్ల కాదని తిప్పికొట్టారు. ఆమె పొదల చాటున దాక్కుని, పరుగు మొదలయ్యాక గుంపులో కలిసి 3 గంటల 21 నిమిషాల్లో పూర్తిచేసింది. మరుసటేడు, మంచుజల్లు పడిన రోజున, క్యాథరిన్ స్విట్జర్ 261 నంబరుతో పరుగెడుతుంటే ఒక నిర్వాహకుడు ఆ నంబరు లాగేయబోయాడు. ఆమె ఆగలేదు.

2018లో ఎముకలు కొరికే వానా, ఎదురుగాలీ. మానేద్దామా అనుకుంటూనే డెస్ లిండెన్, అవసరానికి ఆగిన తోటి క్రీడాకారిణి షలేన్ ఫ్లానగన్ కోసం వేగం తగ్గించి, ఆమెని మళ్లీ ముందు గుంపులో కలిపింది. చివరికి గెలిచింది లిండెనే. రెండోస్థానం ఎవరిదనుకున్నారు? అరిజోనాలో ఉద్యోగం చేసుకుంటూ సాధన చేసిన నర్సు సారా సెల్లర్స్‌ది!

ఇడ్లీల ఒప్పందం

ఇంట్లోనూ ఎదురుగాలి ఉంటుంది కదా! “ఆదివారంపూట అందరూ ఇంట్లో ఉంటే నువ్వు రోడ్డుమీద ఏమిటమ్మాయ్?” అన్నారు మా అత్తయ్యగారు. నేను వాదించలేదు. పిండి శనివారమే రుబ్బి పెడతాను, ఇడ్లీలు వేసేది మావారు అని చెప్పాను. మొదటివారం ఇడ్లీలు రాళ్లేనట. నాలుగోవారానికి చట్నీ కూడా ఆయనే చేశారు. ఇప్పుడు నేనొచ్చి తడిబట్టలు మార్చుకునేలోగా అత్తయ్యగారు శొంఠికాఫీ కలిపి, “ఇవాళెంత?” అని అడుగుతారు. మొన్న 24 అంటే, “పోయినవారంకన్నా రెండెక్కువ” అన్నారు. ఆవిడ లెక్క పెడుతున్నారని నాకప్పుడే తెలిసింది.

నా షుగరు ఇప్పుడు గీతకి ఇవతలే ఉంది. పరుగొక్కటే కాదు, తిండి మార్పూ ఉందనుకోండి. మీరు మంచులో పరుగెత్తక్కర్లేదు, పాతిక కిలోమీటర్లూ అక్కర్లేదు. అరగంట నడక చాలు. కానీ ఆ అరగంట తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అంటే దొరకదు. రేపు పొద్దున ఎన్నింటికి బయల్దేరతారో, అప్పుడు పాలు ఎవరు కాస్తారో ఈ రాత్రే ఇంట్లో చెప్పేయండి.