గిటారు ముందుకొచ్చిన టీవీ మైకు

ఎర్నీ సీలర్‌కు రాక్ సంగీతమంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతం వినే నెమ్మదస్తుడు. అమెరికాలో షూర్ కంపెనీ ఇంజినీరు. అలాంటి మనిషి చేసిన మైకు ఇవాళ చాలా రాక్ కచేరీల్లో గిటారు యాంప్లిఫయర్‌కు మూతి ఆనించి ఉంటుంది. 1959లో యూనిడైన్ 3 పేరుతో సీలర్ రూపొందించిన మైకే 1965లో ఎస్ఎం57 అయింది. ఉద్దేశించింది టీవీ స్టూడియోలకు. లైట్ల కింద మెరవకుండా ముదురు రంగు వేశారు, ఎవరి చెయ్యో తగిలి ఆగిపోకుండా స్విచ్చి తీసేశారు. గిటారు ఊసే లేదు.

అదే ఏడు ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ కచేరీ. 55,600 మంది జనం. వాక్స్ కంపెనీ వాళ్ల వంద వాట్ల యాంప్‌లు ఆ కేకల్లో కొట్టుకుపోయాయి. అప్పట్లో పీఏ, అంటే జనానికి వినిపించే స్పీకర్ల ఏర్పాటు, ఉండేది ప్రధానంగా గొంతు కోసం; గిటారు తన తిప్పలు తాను పడాల్సిందే. లండన్‌లో యాంప్‌లు చేసే జిమ్ మార్షల్, గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ లాంటి వాళ్ల పోరు పడలేక, వంద వాట్ల యాంప్ చేసి దాని కింద స్పీకర్ పెట్టెలు ఒకదానిమీదొకటి పేర్చాడు. ముందు వరసకు చెవులు చిల్లులు పడేవి, వెనక వరసకు మాత్రం ఏ స్వరమూ తేలేది కాదు. 1967లో ఇంగ్లండ్‌లోని విండ్సర్ సంగీత ఉత్సవంలో సౌండ్ పరికరాలు చేసే చార్లీ వాట్కిన్స్ వెయ్యి వాట్ల పీఏ నిలబెట్టాడు. పీఏకే అంత సత్తా వచ్చాక ఇక గిటారు పెట్టెతో జనాన్ని గెలవక్కర్లేదు, దాని ముందు ఒక మైకు పెడితే చాలు.

ఏ మైకు? గిటారు స్పీకర్ మామూలుగా 12 అంగుళాల కాగితపు కోన్. 5 వేల హెర్ట్జ్ దాటాక దాని గొంతు పడిపోతుంది. కాబట్టి 15 వేల దగ్గరే ఆగిపోయే ఎస్ఎం57కు వచ్చిన నష్టం లేదు. పైగా 5, 6 వేల ప్రాంతంలో అది కాస్త ఎక్కువ చేసి వినిపిస్తుంది. తీగకు పిక్ తగిలే చురుకు బయటపడేది అక్కడే. మైకు లోపల పలచని ప్లాస్టిక్ పొర, దానికి అంటిన తీగచుట్ట, అయస్కాంతం. స్పీకర్ చేసే పనిని తిరగేసి చేస్తుందంతే, అందుకే మోతకు బెదరదు.

అసలు గొప్ప దాని వెనక వైపుది. షూర్‌లోనే బెంజమిన్ బావర్ 1939 నాటి యూనిడైన్‌లో చేసిన కిటుకు అది. వెనక మోగే డ్రమ్ముల శబ్దం రెండు దారుల్లో వస్తుంది: ఒకటి మైకును చుట్టి పొర ముందుకు, రెండోది సందుల్లోంచి దూరి, లోపల కాస్త నిదానించి పొర వెనక్కి. రెండూ ఒకేసారి తాకితే పొర కదలదు. స్టేజి మీద మైకుకు ఈ చెవుడే అక్కరకొచ్చే గుణం.

ఇక పెట్టడంలోనే ఉంది పనితనం. నల్లటి గ్రిల్ గుడ్డ వెనక కోన్ కనపడదు. సౌండ్ ఇంజినీరు టార్చి వేసి వెతికి, గుడ్డ మీద చిన్న టేపు ముక్క అంటిస్తాడు. కోన్ నడుమ గుండ్రటి మూతకు సూటిగా గురిపెడితే స్వరం గీసుకుపోతుంది, అంచుకు జరిపితే మెత్తబడుతుంది. రెండు సెంటీమీటర్ల జరుగుడుకే ఎంతో మార్పు. గుడ్డకు మరీ దగ్గరగా తెస్తే కింది స్వరాలు ఉబ్బుతాయి. కొందరు రెండు మైకులు పెడతారు. లైవ్‌లో అది కొరివితో తల గోక్కోవడమే అంటాను: రెంటి దూరంలో తేడా వస్తే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. స్టాండుకు బద్ధకించి కేబుల్‌తో వేలాడదీసిన మైకు పాట మధ్యలో నేలను చూడటం మరో ముచ్చట.

ఇంతా చేసి, మైకు ఉన్నా గిటారిస్టు వాల్యూమ్ తగ్గించడు. యాంప్‌లోని ట్యూబులు గట్టిగా పనిచేసి కోన్ ఊగితేనే ఆ స్వరం వస్తుందంటాడు. అందులో నిజముంది. అందుకే కొన్నిచోట్ల యాంప్‌ను జనం వైపు కాకుండా పక్కకు తిప్పుతారు, లేదా స్టేజి వెనక పెట్టెలో బిగించి మైకుతో సహా మూసేస్తారు.